రోడ్డు తప్పును ఎవరు రాస్తారు?

(జాతీయ రహదారి భద్రతా మాసం సందర్భంగా తిరుపతిలో ఇంజినీరింగ్ విద్యార్థుల ఎదుట ఒక విశ్రాంత రోడ్లు, భవనాల శాఖ ఇంజినీరు చేసిన ప్రసంగ పాఠం)

సభాధ్యక్షులకు, వేదిక మీద ఉన్న పోలీసు, రవాణా శాఖల అధికారులకు, అధ్యాపకులకు, విద్యార్థినీ విద్యార్థులకు నమస్కారం. నాకంటే ముందు మాట్లాడిన పెద్దలు వేదిక మీది వారందరినీ పేరుపేరునా తలచుకున్నారు కనుక నాకు ఆ పని తప్పింది. ఆ సమయాన్ని విషయానికే వాడుకుంటాను.

ఆహ్వాన పత్రికలో నా ప్రసంగాన్ని ఇంజినీరింగ్, అవగాహన, చట్టం అమలు అని మూడు భాగాలు చేసి వేశారు. మూడింటికీ సమానంగా సమయం ఇవ్వడం నా వల్ల కాదని ముందే మనవి చేస్తున్నాను. ఈ నెలంతా మీరు హెల్మెట్ ర్యాలీలూ, వ్యాసరచన పోటీలూ, చలానాల లెక్కలూ చూస్తూనే ఉంటారు. మొదటి భాగం గురించి మాట్లాడేవారే తక్కువ, ఎందుకంటే అక్కడ వేలు చూపవలసింది బండి నడిపేవాడి వైపు కాదు.

2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా, రహదారుల మంత్రిత్వ శాఖ నివేదిక చెబుతోంది. ఆ మరణాలలో నూటికి డెబ్బైకి పైగా అతివేగం వల్లనే జరిగాయని కూడా అందులోనే ఉంది. వేగం చంపుతుందన్న మాటతో నాకు పేచీ లేదు. సగటు వేగం ఒక్క శాతం పెరిగితే ప్రాణాంతక ప్రమాదాల ముప్పు నాలుగు శాతం పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే లెక్కను నేనూ నమ్ముతాను. నేను అడిగేది వేరు. ఆ బండ్ల వేగాన్ని ఎవరు కొలిచారు? చాలా చోట్ల ఎవరూ కొలవలేదు. బండి నుజ్జయింది కాబట్టి వేగంగానే వచ్చి ఉంటాడని స్టేషన్‌లో రాసుకున్నారు. మలుపు దగ్గర హెచ్చరిక బోర్డును తుమ్మకొమ్మ కప్పేసిందా, డివైడర్ మొదలయ్యే చోట రిఫ్లెక్టర్ ఉందా, తారు అంచు పక్కన మట్టి జానెడు లోతుకు దిగిపోయిందా అన్నవి ఆ కాగితంలోకి ఎక్కవు. వేదిక మీది పోలీసు మిత్రులు నొచ్చుకోకూడదు, ఇది వారికి నేర్పిన విద్య కాదు. నేర్చుకున్న ఇంజినీరు ఆ చోటికి వెళ్లడు, వెళ్లినా సంతకం పెట్టి వస్తాడు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. చాలా సభల్లో చెప్పాను, ఇక ముందూ చెబుతాను. మన ఉమ్మడి చిత్తూరు జిల్లా పల్లెల్లో ఒక ఆనవాయితీ ఉంది. రోడ్డు మీద మనిషి పోతాడు, ఊరంతా శవాన్ని అడ్డంగా పెట్టుకుని కూర్చుంటుంది, బస్సులు నిలిచిపోతాయి, అధికారులు వచ్చి మాట ఇస్తారు, తెల్లారేసరికి అక్కడ ఒక స్పీడ్ బ్రేకర్ లేస్తుంది. పాకాల వైపు ఒక ఊళ్లో నేను ఉద్యోగంలో ఉండగానే ఇలా జరిగింది. కొడుకును పోగొట్టుకున్న పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుని, "ఇదే మొన్న ఏసుంటే మావోడు బతికుండేవోడు గదా నాయినా" అన్నది. ఆ దిబ్బ నిటారుగా లేచి ఉంది, దానికి సున్నపు గీత లేదు, ముందు బోర్డు లేదు. సరిచేయాలని పై ఆఫీసుకు రాశాను. వానలు తగ్గకముందే, తెల్లవారుజామున మోపెడ్‌కు రెండు పక్కలా పాల క్యాన్లు కట్టుకుని డెయిరీకి పోతున్న పక్క ఊరి రైతు దాని మీద ఎగిరిపడి చనిపోయాడు. అజాగ్రత్తగా నడిపి తనంతట తానే పడ్డాడని కేసు రాశారు. నా ఉత్తరం ఏమైందని అడిగితే, అలాంటిది అందినట్టు రికార్డులో లేదన్నారు.

స్పీడ్ బ్రేకర్ ఎలా ఉండాలో, రోడ్లకు ప్రమాణాలు రాసే సంస్థ ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988లోనే రాసిపెట్టింది. ఎత్తు 10 సెంటీమీటర్లు, బండి పోయే దిశలో వెడల్పు 3.7 మీటర్లు, పైభాగం 17 మీటర్ల వ్యాసార్ధం గల వంపు. గంటకు 25 కిలోమీటర్ల వేగంతో వచ్చేవాడు కుదుపు లేకుండా దాటాలని, అంతకు మించి వచ్చేవాడికే అది తగలాలని దాని ఉద్దేశం. దాని మీద గీతలు ఉండాలి, ముందు బోర్డు ఉండాలి. 3.7 మీటర్లంటే కారు పొడవుకు దగ్గర దగ్గర. అంత వెడల్పున్న స్పీడ్ బ్రేకర్‌ను మీలో ఎంతమంది చూశారు? చేతులు ఎత్తండి. వెనక వరుసల వారు కూడా. సరే, దింపండి.

మరొకటి. సెప్టెంబరు, అక్టోబరుల్లో వచ్చే తమిళుల పెరటాసి నెలలో తమిళనాడు నుంచి పసుపు బట్టలు కట్టుకుని మన రోడ్ల వెంట తిరుమలకు నడిచి వచ్చే భక్తులను మీరంతా చూసే ఉంటారు. ఎండకు తాళలేక వారు రాత్రిళ్లే ఎక్కువగా నడుస్తారు. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి ఆగడానికి 120 మీటర్లు కావాలని మీ పాఠ్యపుస్తకంలోనే ఉంది. డిమ్‌లో పెట్టిన హెడ్‌లైట్ వెలుగు అంత దూరం పడదు. అంటే డ్రైవర్ ఎంత మంచివాడైనా, మనిషి కనిపించేసరికే ఆలస్యమై ఉంటుంది. సంచులకు మెరిసే స్టిక్కర్లు అంటించడం మంచి పనే, కానీ వారికి కావలసింది తారుకు అవతల నడవడానికి గట్టి నేల, అక్కడక్కడా దీపం. ఏటా అదే నెలలో, అదే దారిన వచ్చే జనానికి దారి వేయడానికి ఇంకెన్ని సర్వేలు కావాలి?

జాతీయ రహదారి మీద ఒక చోటును బ్లాక్ స్పాట్‌గా, అంటే ప్రమాదాలు పదేపదే జరిగే చోటుగా గుర్తించాలంటే, సుమారు 500 మీటర్ల పరిధిలో మూడేళ్లలో మరణాలో తీవ్ర గాయాలో అయిన ప్రమాదాలు ఐదు జరగాలి, లేదా పదిమంది చనిపోవాలి. ముందు చావులు లెక్కకు రావాలి, తర్వాతే మరమ్మతు. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించినప్పుడు 198ఏ అనే సెక్షన్ చేర్చారు. రోడ్డు డిజైన్‌లో, నిర్మాణంలో, నిర్వహణలో భద్రతా ప్రమాణాలు పాటించక మరణమో వైకల్యమో సంభవిస్తే కాంట్రాక్టరుకైనా, సలహాదారుకైనా, అధికారికైనా లక్ష రూపాయల దాకా జరిమానా వేయవచ్చు. హెల్మెట్ లేని కుర్రాడికి అదే సవరణ వెయ్యి రూపాయలు వేసింది. వెయ్యి రూపాయల చలానా మీ అందరికీ తెలుసు. లక్ష రూపాయల సంగతి విన్నవారు ఈ హాలులో ఎందరు?

అధ్యక్షుల వారు గడియారం చూస్తున్నారు. అమలు గురించి చెప్పడానికి నాకూ గడియారమే కావాలి. 2022 మార్చిలో ధర్మవరం నుంచి తిరుపతికి నిశ్చితార్థానికి వస్తున్న వారి బస్సు భాకరాపేట ఘాట్‌లో లోయలో పడింది. 2024 సెప్టెంబరులో మొగిలి ఘాట్‌లో ఆర్టీసీ బస్సు, లారీ ఢీకొని ఎన్నో కుటుంబాలు చితికిపోయాయి. తిరుమల ఘాట్‌లో మలుపులు తక్కువా? 1944 నాటి మొదటి ఘాట్ రోడ్డులో 19 కిలోమీటర్లకు 36 హెయిర్‌పిన్ మలుపులు ఉన్నాయి. 1974లో రెండో రోడ్డు వచ్చి, ఎక్కే దారి, దిగే దారి వేరైనాయి కనుక అక్కడ ఎదురెదురుగా గుద్దుకునే ప్రశ్నే దాదాపు లేదు. అంచున పిట్టగోడ ఉంది. అన్నిటికీ మించి, టోల్ గేటులో ఇచ్చే కాగితం మీద సమయం ఉంటుంది. పైకి 28 నిమిషాల కంటే, కిందికి 40 నిమిషాల కంటే ముందు చేరకూడదు. లెక్క వేయండి. ఆ 19 కిలోమీటర్లు దిగేటప్పుడు సగటున గంటకు 29 కిలోమీటర్లు దాటడానికి లేదు. అక్కడ కూడా ప్రమాదాలు జరుగుతాయి, కాదనను. అయితే ప్రతి మలుపులో కానిస్టేబుల్‌ను నిలబెట్టకుండానే వేగాన్ని పట్టే ఉపాయం మన ఊళ్లోనే ఉంది. కొండ మీద అంత బుద్ధిగా నడిపిన ట్యాక్సీ డ్రైవరే అలిపిరి దాటి రేణిగుంట రోడ్డు ఎక్కగానే మారిపోతాడు. అతని భక్తి తగ్గలేదు, చేతిలో ఆ కాగితం లేదు, అంతే. రహదారుల మీద ఎలక్ట్రానిక్ నిఘాకు అదే మోటారు వాహనాల చట్టంలోని 136ఏ సెక్షన్ అనుమతిస్తోంది. భాకరాపేటకు, మొగిలికి రెండు చివర్లా కెమెరాలు పెట్టి మధ్య దూరాన్ని సమయంతో భాగించడం అంత కష్టమైన విద్యేమీ కాదు.

అవగాహన గురించి రెండు మాటలు. పదహారేళ్ల కొడుక్కి బైకు తాళాలు ఇచ్చే తండ్రికి మూడేళ్ల దాకా జైలు, పాతికవేల జరిమానా ఉన్నాయని ఇంటికి వెళ్లి చెప్పండి. ప్రమాదం చూసినప్పుడు వీడియో తీయడం మాని 108కి ఫోన్ చేయండి. సాయం చేసినవారు కేసుల్లో ఇరుక్కోకుండా ఆ చట్టంలోని 134ఏ సెక్షన్ కాపాడుతుంది, మీ పేరు చెప్పి తీరాలని పోలీసులు బలవంతపెట్టడానికి లేదు.

కార్యక్రమంలో చివరి అంశం ప్రతిజ్ఞ అని చూశాను. చేయండి. అది కాగానే సివిల్ మూడో సంవత్సరం విద్యార్థులు టేపులతో కళాశాల గేటు దగ్గరికి రావాలని మీ విభాగాధిపతిని కోరాను, వారు ఒప్పుకున్నారు. ఇక్కడి నుంచి మెయిన్ రోడ్డు దాకా ఉన్న స్పీడ్ బ్రేకర్ల ఎత్తు, వెడల్పు, గీతలు, బోర్డులు కొలిచి ఒక కాగితం మీద రాద్దాం. ఒక ప్రతి ఆ రోడ్డు ఎవరిదో ఆ శాఖకు, ఒకటి ట్రాఫిక్ పోలీసులకు, ఒకటి జిల్లా రోడ్డు భద్రతా కమిటీకి అధ్యక్షులైన కలెక్టరు గారికి. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు, మీలో ఇద్దరు వెళ్లండి. రసీదు తీసుకోకుండా మాత్రం తిరిగి రావద్దు.