8 డాలర్ల బాకీ, ముగ్గురు అమ్మాయిలు, ఒక నాన్న: 'లవ్ ఫైండ్స్ ఆండీ హార్డీ' రివ్యూ

నమస్తే అండి. ముందుగా ఒక మాట. ఈ డీవీడీని పాత సినిమాలు అమ్మే ఒక షాపు వాళ్లు నాకు ఫ్రీగా పంపారు. ఏం చెప్పాలో వాళ్లు చెప్పలేదు, నేనూ అడగలేదు.

1938 సినిమా, బ్లాక్ అండ్ వైట్, గంటన్నర నిడివి. హాలీవుడ్ స్టూడియో ఎంజీఎం వాళ్లు 1937 నుంచి 1958 దాకా తీసిన 16 ఆండీ హార్డీ సినిమాల్లో ఇది నాలుగోది. మిగతా వివరాలు మీరు ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు, నేరుగా విషయంలోకి వెళ్దాం.

కార్వెల్ అనే చిన్న ఊరు. ఆండీగా మిక్కీ రూనీ. క్రిస్మస్ డాన్సుకి సొంత కారులో వెళ్లాలని కుర్రాడి ఆశ. పాత కారు ధర 20 డాలర్లు, 12 కట్టేశాడు, 8 బాకీ. ఇష్టపడిన పాలీ ఏమో పండక్కి అమ్మమ్మ వాళ్లింటికి వెళ్లిపోయింది. ఇంతలో ఊరెళ్తున్న ఫ్రెండు, తను వచ్చేదాకా తన గర్ల్‌ఫ్రెండ్ సింథియాని వేరే ఎవరూ ఎగరేసుకుపోకుండా వెంట తిప్పితే ఆ 8 డాలర్లు ఇస్తానన్నాడు. వీడు సరేనన్నాడు. ఇక చూడండి టెన్షన్!

కానీ నేను ఈ సినిమాని మళ్లీ మళ్లీ పెట్టుకునేది ప్రేమకథ కోసం కాదు, నాన్న కోసం. జడ్జి హార్డీగా లూయిస్ స్టోన్. ఆండీకి ఏదైనా పాలుపోకపోతే నాన్న దగ్గరికెళ్లి, మగాడూ మగాడూ మాట్లాడుకున్నట్టు మాట్లాడాలి అంటాడు. అమ్మాయిల గోల, డబ్బు గోల అన్నీ చెప్పుకుంటాడు. ఆయన నవ్వడు, కసరడు. కోర్టులో వాదన విన్నంత శ్రద్ధగా వింటాడు. కొడుకు కష్టం 8 డాలర్లదే అయినా, ఆ కుర్రాడికి అది ఎంత పెద్దదో ఆయనకి తెలుసు.

నేను ఇంటర్‌లో ఉన్నప్పుడు సెకండ్ హ్యాండ్ లూనా ఒకటి బేరం చేసుకున్నాను. అడ్వాన్స్ ఇచ్చేశాను, ఇంకో 300 తక్కువ. నాన్నని అడగాలంటే అమ్మే దారి. ఆయన భోజనానికి కూర్చున్నాక, రెండోసారి అన్నం వడ్డిస్తూ అమ్మ విషయం కదిపింది. నేను పక్క గదిలో తలుపు వెనక నిలబడి ఆయన ఏమంటారా అని వింటున్నాను. డబ్బు ఇచ్చారు. కానీ దాని గురించి మేమిద్దరం ఒక్క ముక్క మాట్లాడుకోలేదు. అందుకే ఈ సినిమాలో తండ్రీకొడుకులు ఎదురెదురుగా కూర్చుంటే నాకు గొంతు పట్టేస్తుంది.

ఇంకో సీను ఉంది. తల్లి, వాళ్లమ్మకి ఒంట్లో బాగాలేదని కెనడా వెళ్తుంది. అక్కడి కబురు తెలియక జడ్జిగారు లోలోపల కుమిలిపోతుంటాడు. అప్పుడు ఆండీయే నాన్నని హామ్ రేడియో (ఇంట్లోంచే దూరాన ఉన్నవాళ్లకి కబుర్లు పంపి, అందుకునే సొంత రేడియో) నడిపే ఒక చిన్న పిల్లాడి ఇంటికి తీసుకెళ్తాడు. ఊరందరికీ తీర్పులు చెప్పే మనిషి, ఆ పిల్లాడి మీద ఆశ పెట్టుకుని కబురు కోసం కాచుకుంటాడు. అంతదాకా సలహా అడిగిన కొడుకు ఆ కాసేపూ ఇంటికి పెద్ద దిక్కవుతాడు. సినిమా మొత్తంలో నాకు ప్రాణం ఈ సీనే.

ఇప్పుడు కోపం వచ్చిన విషయం. సింథియా పాత్ర. లానా టర్నర్ తెరమీదికి వస్తే చూపు తిప్పుకోలేం, అలాంటి అమ్మాయికి రాసింది ఏముంది? జుట్టు తడుస్తుందని ఈతకి రాదు, ముద్దులు తప్ప దేనిమీదా ఆసక్తి లేదు. అంతే! ఆ అమ్మాయికీ ఒక మనసుంటుందని రాసినవాళ్లకి తట్టలేదు. ఇది ఎన్నిసార్లు చూసినా నాకు మింగుడు పడదు.

పక్కింటి బెట్సీగా జూడీ గార్లండ్ మాత్రం ఆ లోటు తీర్చేసింది. ఆమెకి పెద్ద పేరు తెచ్చిన సినిమా 'విజర్డ్ ఆఫ్ ఆజ్' వచ్చింది ఆ మరుసటి ఏడాదే. బొమ్మల వయసు దాటిపోయింది, అబ్బాయిలతో తిరిగే వయసు ఇంకా రాలేదు అని ఒక పాట పాడుతుంది చూడండి, ఆ గొంతులో బెంగ అచ్చంగా ఆ వయసు పిల్లదే. ఆండీ చిక్కుముళ్లన్నీ విప్పేది ఈ పిల్లే. సింథియాని డాన్సుకి రాకుండా చేసేదీ, పాలీకి నచ్చజెప్పేదీ తనే. ఆండీకి మాత్రం తను చిన్నపిల్లలాగే కనిపిస్తుంది. నాకైతే ఆ అమ్మాయి తరఫున చాలా బాధేసింది.

నా మార్కులు పదికి తొమ్మిది. తగ్గిన ఆ ఒక్కటీ సింథియా కోసం. సిరీస్ మొదటి నుంచీ చూడాలని పట్టుబట్టకండి. మొదటి సినిమాలో జడ్జి లయొనెల్ బారీమోర్, గొప్ప నటుడే కానీ ఆ ఇంటి పెద్దగా నా మనసు స్టోన్‌నే ఒప్పుకుంది. ముందు ఇది చూడండి. బెట్సీ మీద బెంగ పెట్టుకుంటే, 1940లో వచ్చిన 'ఆండీ హార్డీ మీట్స్ డెబ్యుటాంట్'లో మళ్లీ వస్తుంది. వీలైతే మీ నాన్నగారిని పక్కన కూర్చోబెట్టుకుని చూడండి.