ట్రిమ్మర్ తిప్పే ముందు: టెక్‌ట్రానిక్స్ 465 ఆసిలోస్కోప్ క్యాలిబ్రేషన్

నమస్కారం. ఈ వీడియోలో, విద్యుత్ సిగ్నల్ ఆకారాన్ని తెరపై గీసి చూపే టెక్‌ట్రానిక్స్ 465 ఆసిలోస్కోప్‌ను శుభ్రం చేసి, దాని కొలతలు సరిచూసి, అవసరమైన చోట మాత్రమే సవరిద్దాం. 1972లో వచ్చిన ఈ 100 మెగాహెర్ట్జ్, రెండు చానళ్ల స్కోపు ఇప్పటికీ ఎందరి బల్లల మీదో నమ్మకంగా పనిచేస్తోంది. నేను చూపించే క్రమం ఆ కాలపు ఇతర అనలాగ్ స్కోపులకూ చాలావరకు వర్తిస్తుంది. అయితే వోల్టేజీలు, ట్రిమ్మర్ల (కొలతను సవరించడానికి స్క్రూడ్రైవర్‌తో తిప్పే చిన్న భాగాల) నంబర్లు ఒక్కో మోడల్‌కు ఒక్కో రకంగా ఉంటాయి కనుక, మీ పరికరం సర్వీస్ మాన్యువల్‌ను పక్కన తెరిచి పెట్టుకుని వినండి.

క్యాలిబ్రేషన్ అనగానే చేయి స్క్రూడ్రైవర్ మీదికి పోతుంది. కానీ విలువ కచ్చితంగా తెలిసిన సిగ్నల్‌ను ఇచ్చి, పరికరం ఎంత చూపిస్తోందో రాసుకోవడమే క్యాలిబ్రేషన్. ట్రిమ్మర్ తిప్పడం ఆ తర్వాత వచ్చే వేరే పని, చాలాసార్లు దాని అవసరమే రాదు. కొలత తప్పిందంటే లోపల ఏదో ఒక భాగం మారింది. ఆ భాగాన్ని పట్టుకోకుండా ట్రిమ్మర్‌తో లెక్క సరిపెడితే లోపం దాక్కుంటుందే తప్ప పోదు.

ఇది నేను అనుభవంతో నేర్చుకున్న విషయం. ఒక స్కోపులో నిలువు కొలత, అంటే వోల్టేజీ, కొద్దిగా తక్కువగా వస్తోందని గెయిన్ (సిగ్నల్‌ను పెంచే మోతాదు) ట్రిమ్మర్ తిప్పి సరిచేశాను. కొన్నాళ్లకే అది మళ్లీ తప్పింది. విప్పి చూస్తే, పవర్ సప్లై ఫిల్టర్ దశలోని ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ ఎండిపోయి, రిపుల్ (డీసీ వోల్టేజీలో మిగిలే హెచ్చుతగ్గులు) పెరిగి, వోల్టేజీని స్థిరంగా ఉంచే రెగ్యులేటర్‌కు అందాల్సిన వోల్టేజీ మధ్యమధ్యలో చాలడం లేదు. కెపాసిటర్ మార్చాక, నేను తిప్పిన ట్రిమ్మర్‌ను మళ్లీ పాత చోటికి తేవలసి వచ్చింది. అప్పటి నుంచి పవర్ సప్లై చూడకుండా మరే ట్రిమ్మర్‌నూ ముట్టుకోవడం లేదు.

కవర్ తీసే ముందు ఒక జాగ్రత్త. పిక్చర్ ట్యూబ్ చుట్టూ వేల వోల్టులు ఉంటాయి, ప్లగ్ తీసిన తర్వాత కూడా ఆ చార్జ్ కొంతసేపు నిలుస్తుంది. ప్లగ్ తీసి, ఆగి, మాన్యువల్ చెప్పిన పద్ధతిలో డిశ్చార్జ్ చేసిన తర్వాతే లోపల చేయి పెట్టండి. పవర్ ఉండగా కొలవాల్సి వస్తే ఒక చేతితోనే కొలవండి. స్కోపు ప్లగ్‌కున్న ఎర్త్ పిన్నును ఏ కారణంతోనూ తొలగించవద్దు.

ఇప్పుడు దుమ్ము సంగతి చూద్దాం. మెత్తని బ్రష్‌తో, తక్కువ ఒత్తిడి గాలితో అది పోతుంది. అసలు ఓపిక కావలసింది అటెన్యుయేటర్ దగ్గర, అంటే లోపలికి వచ్చే సిగ్నల్‌ను రేంజిని బట్టి తగ్గించే భాగం దగ్గర. కెమెరాను దగ్గరికి తెస్తున్నాను, చూడండి: నాబ్ తిప్పినప్పుడు లోపలి క్యామ్ ఈ సన్నని రేకు వేళ్లను ఒక్కొక్కటిగా పైకి లేపి దించుతోంది. వీటిపై బంగారు పూత ఉంది, గరుకు కాగితం తగిలితే అది పోతుంది. దూది పుల్ల వాడితే పీచు రేకు వేలికి చిక్కుకుని దాన్ని వంచేస్తుంది. అందుకని సన్నని కాగితపు ముక్కను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపి, వేలు మూసుకున్నప్పుడు దాని కిందకు చేర్చి, నెమ్మదిగా ఒక్కసారి లాగండి. కాగితం మీద నల్లని గీత కనిపిస్తే, ఇన్నాళ్లూ ఆ రేంజిలో కొలత ఎందుకు ఊగిందో అర్థమవుతుంది.

శుభ్రం చేశాక స్కోపును ఆన్ చేసి కనీసం 20 నిమిషాలు వేడెక్కనివ్వండి. తర్వాత సప్లై వోల్టేజీలను డిజిటల్ మల్టీమీటర్‌తో ఒక్కొక్కటిగా కొలిచి, వాటి రిపుల్‌ను మరో స్కోపుతో చూడండి. ఏదైనా రెయిల్ (సప్లై వోల్టేజీ లైను) దాదాపు సున్నాకు పడిపోయి ఉంటే, పవర్ ఆపి దాని నిరోధకత కొలవండి. ఈ మోడల్‌లో ఆ రెయిల్ మీది టాంటలమ్ కెపాసిటర్ షార్ట్ అవడం తరచుగా ఎదురయ్యే లోపం. అది కొత్తది పడే వరకు మిగతా క్యాలిబ్రేషన్ జోలికి వెళ్లవద్దు.

వోల్టేజీలన్నీ పరిమితిలో ఉంటే నిలువు కొలతకు వద్దాం. ఈ స్కోపు నిలువు కచ్చితత్వం 3 శాతం కనుక, దాన్ని సరిచూసే రిఫరెన్స్ కనీసం నాలుగు రెట్లు మెరుగ్గా, అంటే 0.75 శాతం లోపు ఉండాలి. తెర మీది గడికి 10 మిల్లీవోల్టుల రేంజిలో 50 మిల్లీవోల్టులు ఇస్తే తరంగం 5 గడులు నిండాలి. ఇక్కడ ఒక మంచి ఆనవాలు దొరుకుతుంది: అన్ని రేంజిలూ ఒకే శాతం తప్పితే సందేహం ఆంప్లిఫయర్ మీద పెట్టండి. కొన్ని మాత్రమే తప్పితే ఆ రేంజిల అటెన్యుయేటర్ నిరోధకాల మీద, స్విచ్ కాంటాక్టుల మీద పెట్టండి. రెండో సందర్భంలో గెయిన్ తిప్పితే మంచిగా ఉన్న రేంజిలు కూడా చెడిపోతాయి.

ప్రోబ్ కాంపెన్సేషన్‌కు, అంటే కొలిచే తీగ (ప్రోబ్) తరంగం ఆకారాన్ని మార్చకుండా సర్దడానికి, 1 కిలోహెర్ట్జ్ చదరపు తరంగం వాడండి. పై అంచు తొలి మూల గుండ్రంగా వంగితే కాంపెన్సేషన్ తక్కువైనట్టు, కొమ్ములా పైకి పొడిస్తే ఎక్కువైనట్టు. ట్రిమ్మర్ కెపాసిటర్‌ను ప్లాస్టిక్ పనిముట్టుతోనే తిప్పాలి. లోహపు స్క్రూడ్రైవర్ దగ్గరగా ఉంటేనే తరంగం ఆకారం మారిపోయి, చేయి తీయగానే మళ్లీ తప్పుతుంది.

ఇక టైమ్‌బేస్, అంటే తెర మీద అడ్డంగా సమయాన్ని కొలిచే భాగం. క్వార్ట్జ్ ఆధారంగా ప్రతి మిల్లీసెకనుకు ఒక పల్స్ ఇచ్చే సిగ్నల్ తీసుకుని, గడికి 1 మిల్లీసెకను పెట్టండి. తెర అంచుల్లోని గడులను వదిలి, రెండో నిలువు గీత నుంచి పదో గీత వరకు ఉన్న 8 గడుల్లోనే పోల్చండి. మొదటి పల్స్ రెండో గీత మీద కచ్చితంగా కూర్చున్నప్పుడు, పదో గీత దగ్గరి పల్స్ 0.2 గడి తప్పి ఉంటే దోషం 2.5 శాతం. మాన్యువల్ పరిమితిని దాటితేనే సవరించండి. తర్వాత వేగవంతమైన రేంజిలను కూడా చూడండి, ఎందుకంటే వాటి టైమింగ్ కెపాసిటర్లు వేరు.

ప్రతి కొలతకూ సవరణకు ముందు అంకె, తర్వాత అంకె, గది ఉష్ణోగ్రత, తేదీ ఒక పుస్తకంలో రాయండి. కవర్ బిగించాక లోపలి వేడి పెరుగుతుంది కాబట్టి, మరో గంట నడవనిచ్చి గెయిన్‌ను, టైమ్‌బేస్‌ను మళ్లీ ఒకసారి చూసి, ఆ అంకెలను కూడా అదే పేజీలో చేర్చండి.