మెయిన్ లైను తప్పిపోయిన ఊరు

శ్రోతలకు నమస్కారం.

లండన్‌కి ఉత్తరాన సుమారు 145 కిలోమీటర్ల దూరంలో, వెలండ్ అనే చిన్న నది ఒడ్డున స్టామ్‌ఫర్డ్ అనే సంత ఊరు ఉంది. జనాభా 20 వేలకు అటూ ఇటూ. అంత చిన్న ఊళ్లోనే ప్రభుత్వ రక్షణలో ఉన్న పాత కట్టడాలు 600కు పైగా ఉన్నాయి. పక్క గనుల్లో దొరికే లేత పసుపు సున్నపురాయితో గోడలు, దగ్గర్లోని కాలీవెస్టన్ ఊరి రాతి పలకలతో పైకప్పులు. చూసినవాళ్లు ఎంత బాగా కాపాడుకున్నారో అంటారు. నేను మాత్రం కాపాడింది కాలం కలిసిరాకపోవడమే అంటాను.

మధ్యయుగంలో ఈ ఊరిది మంచి రాజయోగం. గొర్రె ఉన్ని, ఉన్ని బట్టల వ్యాపారం జోరుగా సాగేది. ఇక్కడి తిరునాళ్ల సంతకి సముద్రం అవతలి వర్తకులు కూడా వచ్చేవారు. ఊళ్లో 14 చర్చిలు ఉండేవి. 1333లో ఆక్స్‌ఫర్డ్‌లో గొడవపడిన కొందరు పండితులు, విద్యార్థులు ఇక్కడికొచ్చి పాఠాలు మొదలుపెట్టారు. ఇంకో విశ్వవిద్యాలయం పుట్టేదే! కానీ ఆక్స్‌ఫర్డ్ పెద్దలు మొర పెట్టుకుంటే రాజు మూడవ ఎడ్వర్డ్ 1335లో వాళ్లని ఖాళీ చేయించాడు. అక్కడితో ఊరుకున్నారా? స్టామ్‌ఫర్డ్‌లో పాఠం చెప్పనని ఆక్స్‌ఫర్డ్ పట్టభద్రులు ప్రమాణం చెయ్యాలన్నారు. ఆ ప్రమాణం 1827 దాకా నడిచింది. అంటే దాదాపు 500 ఏళ్ల పగ!

తర్వాత ఉన్ని వ్యాపారం మెల్లగా జారిపోయింది. 1461లో సింహాసనం కోసం జరిగిన అంతర్యుద్ధంలో ఒక పక్షమైన లాంకాస్టర్ వంశం సైన్యం ఊరిని దోచింది. అయినా ఆ శతాబ్దంలోనే విలియం బ్రౌన్ అనే ఉన్ని వర్తకుడు పేద వృద్ధుల కోసం ధర్మసత్రం కట్టించాడు. అందులో ఇప్పటికీ వృద్ధులు ఉంటున్నారు.

రెండో అదృష్టం రోడ్డు మీద వచ్చింది. లండన్ నుంచి ఉత్తరాదికి వెళ్లే గ్రేట్ నార్త్ రోడ్డు ఈ ఊరి నడిమధ్య నుంచే పోయేది. గుర్రపు కోచ్‌ల కాలంలో జార్జ్ అనే సత్రం దగ్గర రోజుకి అటు ఇరవై, ఇటు ఇరవై బళ్లు ఆగేవట. గుర్రాలు మార్చేదాకా ప్రయాణికులు కూర్చోవడానికి అక్కడ రెండు గదులు. ఒకదాని మీద లండన్ అని, రెండోదాని మీద యార్క్ అని రాసి ఉంటుంది. రోడ్డుకి అడ్డంగా ఆ చివర నుంచి ఈ చివరకి వేసిన, సత్రం పేరు రాసిన దూలం నేటికీ ఉంది. 335 కిలోల బరువుతో దేశమంతా పేరు మోగిన డేనియల్ లాంబర్ట్ 1809లో ఈ ఊరికొచ్చి వాగన్ అండ్ హార్సెస్ అనే మరో సత్రంలో కన్నుమూశాడు. శవపేటికని బయటికి తేవడానికి ఆ సత్రం గోడ పడగొట్టాల్సి వచ్చింది.

ఇంతలో రైళ్లొచ్చాయి. 1850ల మొదట్లో లండన్ నుంచి ఉత్తరాదికి వేసిన మెయిన్ లైను స్టామ్‌ఫర్డ్‌ని వదిలేసి పీటర్‌బరో మీదుగా పోయింది. కోచ్‌లు ఆగిపోయాయి, సత్రాలు వెలవెలబోయాయి. పక్కనే బర్లీ మహలులో ఉండే ఎక్సెటర్ ప్రభువే లైను రానివ్వలేదని ఊళ్లో చాలాకాలం చెప్పుకున్నారు. ఈ నింద నాకు సబబుగా అనిపించదు. 1856లో మెయిన్ లైను దాకా బ్రాంచి రైలు వెయ్యడానికి అండగా నిలిచింది ఆ కుటుంబమే కదా.

వాళ్ల అసలు తప్పు వేరే ఉంది. ఊళ్లో చాలా ఇళ్లు వాళ్లవే, ఓట్లూ వాళ్ల చేతిలోనే. ఊరికి ఉత్తరాన ఉన్న ఉమ్మడి పొలాలని విడగొట్టి స్థలాలుగా అమ్మితే కొత్త ఇళ్లొస్తాయి, తమ మాట వినని ఓటర్లూ వస్తారు. అందుకని 1870ల దాకా ఆ పొలాలు అలాగే ఉండిపోయాయి. జనం పెరిగారు, ఊరు పెరగలేదు. పెరట్లోనూ సందుల్లోనూ ఇరుకు కొంపలు లేచాయి. మనం ఫొటోల్లో మెచ్చుకునే అందానికి అద్దె కట్టింది ఆ కొంపల్లో ఉన్నవాళ్లే.

కూలగొట్టి కొత్తవి కట్టడానికి డబ్బూ లేదు, అవసరమూ రాలేదు. అలా మిగిలిన పాతదనానికి ఇరవయ్యో శతాబ్దంలో గిరాకీ వచ్చింది. 1960లో లారీల రద్దీ బైపాస్ మీదికి మళ్లింది. 1967లో ఇంగ్లండు మొత్తం మీద మొట్టమొదటి పరిరక్షణ ప్రాంతంగా ఈ ఊరి నడిబొడ్డునే ప్రకటించారు. 1990లలో బీబీసీ ఒక పాత నవలని సీరియల్‌గా తీస్తూ ఈ వీధులనే సెట్టింగుగా వాడుకుంది. దాంతో టూరిస్టులు పెరిగారు. శుక్రవారం సంత ఇప్పటికీ జరుగుతోంది.

మెయిన్ లైను దక్కిన పీటర్‌బరోలో జనాభా రెండు లక్షలు దాటింది. స్టామ్‌ఫర్డ్ వాళ్లు రైల్లో లండన్ వెళ్లాలంటే మామూలుగా అక్కడికెళ్లి బండి మారాల్సిందే.