పంటి ఎనామిల్: కట్టే జన్యువులు, విప్పే జన్యువులు

నమస్తే అండీ. డెంటిస్టు దగ్గర వరసలో కూర్చుంటే ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది: "మా వంశంలోనే పళ్ళు పుచ్చుతాయండీ, ఎంత తోమినా అంతే." ఇందులో నిజం ఎంత? ఇది తేలాలంటే పంటి పైపొర, అంటే ఎనామిల్, ఎలా తయారవుతుందో ముందు చూడాలి.

మన ఒంట్లో అన్నిటికన్నా గట్టి పదార్థం ఎముక కాదు, ఎనామిల్. దాని బరువులో దాదాపు 96 శాతం ఖనిజమే. దవడ పంటి మొనల మీద, బాగా మందంగా ఉన్నచోట కూడా, రెండున్నర మిల్లీమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. అందులో ఒక్క జీవకణం కూడా లేదు. ఎముక విరిగితే అతుక్కుంటుంది, చర్మం తెగితే మానుతుంది. ఎనామిల్ పెచ్చు ఊడితే మాత్రం అంతే సంగతులు. దాన్ని తయారు చేసిన కణాలు పన్ను చిగురు చీల్చుకుని బయటికి వచ్చేసరికే పోయుంటాయి. "ఎనామిల్‌ను మళ్ళీ పెంచే పేస్ట్" అనే ప్రకటనలు చూసినప్పుడు ఇది గుర్తుంచుకోండి. ఫ్లోరైడ్ పేస్ట్ పైపొరలో కరిగిన ఖనిజాన్ని కొంత తిరిగి చేర్చగలదు, అది మంచి పనే. కానీ పోయిన పొరను కొత్తగా పుట్టించలేదు.

ఆ కణాల పేరు అమెలోబ్లాస్టులు. బిడ్డ కడుపులో ఉండగా నాలుగో నెలలోనే పాలపళ్ళ మీద పని మొదలుపెడతాయి. శాశ్వత దంతాల్లో మొదటి దవడ పన్ను పని పుట్టిన సమయానికి మొదలవుతుంది. జ్ఞాన దంతాలు పక్కన పెడితే, ఎనిమిదేళ్ళు వచ్చేసరికి అన్ని పళ్ళ ఎనామిల్ దాదాపు పూర్తవుతుంది. రోజుకు సుమారు నాలుగు మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు) చొప్పున పేరుకుంటూ, ఏ రోజు పనికి ఆ రోజు సన్నటి గీత పడుతుంది. పాలపంటిని పలచగా కోసి మైక్రోస్కోప్ కింద పెడితే, బిడ్డ పుట్టినప్పుడు పడ్డ గీత కూడా విడిగా కనిపిస్తుంది. ప్రసవం ఆ కణాలకు కూడా ఒక కుదుపే మరి.

ఇక జన్యువుల పాత్ర. ఇల్లు కట్టేవాళ్ళకు చెప్పక్కర్లేదు, స్లాబ్ వేయాలంటే ముందు సెంట్రింగ్ కొట్టాలి, కాంక్రీటు గట్టిపడ్డాక దాన్ని విప్పేయాలి. ఎనామిల్ పని కూడా ఇంతే. అమెలోబ్లాస్టులు ముందు ప్రోటీన్లు వదులుతాయి. వాటిలో తొంభై శాతం దాకా అమెలోజెనిన్ అనే ఒక్కటే. ఆ ప్రోటీన్ల మధ్య కాల్షియం, ఫాస్ఫేట్ కలిసి సన్నటి పొడవాటి స్ఫటికాలుగా పేరుకుంటాయి. ఈ దశలో ఎనామిల్ పూర్తి మందానికి వస్తుంది కానీ మెత్తగానే ఉంటుంది.

తర్వాత విప్పే పని. దీనికి రెండు ఎంజైములున్నాయి. ఎంఎంపీ20 జన్యువు నుంచి వచ్చేది మొదటి దశలోనే ప్రోటీన్లను ముక్కలు చేస్తూ పోతుంది. కేఎల్‌కే4 జన్యువు నుంచి వచ్చేది ఆఖర్లో దిగి, మిగిలిన తుక్కంతా తొలగిస్తుంది. ఖాళీ అయిన చోటల్లా స్ఫటికాలు లావెక్కి ఒకదానికొకటి బిగుసుకుంటాయి. చివరికి ఎనామిల్‌లో ప్రోటీన్ ఒక శాతం దాకా మాత్రమే మిగులుతుంది. నాకు ఈ కథలో బాగా నచ్చే భాగం ఇదే. ప్రోటీన్ తయారవడం ఎంత ముఖ్యమో, వేళకు పోవడం కూడా అంతే ముఖ్యం.

జన్యువులో తప్పు దొర్లితే వచ్చే జబ్బును అమెలోజెనెసిస్ ఇంపర్ఫెక్టా అంటారు. తప్పు ఎక్కడ జరిగిందన్నది పంటిని చూస్తే చాలావరకు తెలుస్తుంది. మొదటి దశ దెబ్బతింటే ఎనామిల్ పలచగా, గుంటలు గుంటలుగా ఉంటుంది. ఎనామ్ జన్యువు దీనికి మంచి ఉదాహరణ: తల్లిదండ్రుల నుంచి వచ్చిన రెండు ప్రతుల్లో ఒకటి చెడితే చిన్న గుంటలు, గాట్లతో సరిపోవచ్చు, రెండూ చెడితే ఎనామిల్ మరీ పలచనైపోతుంది. కేఎల్‌కే4 చెడితే మందం మామూలుగానే ఉంటుంది కానీ ప్రోటీన్ లోపలే ఉండిపోతుంది. పళ్ళు పసుపు, గోధుమ రంగులో ఉండి, పెచ్చులూడతాయి. ఫ్యామ్83హెచ్ అనే జన్యువు సంగతి 2008లో తేలింది. అందులో తప్పుంటే పన్ను వచ్చినప్పుడు బాగానే కనిపిస్తుంది, కానీ ఎనామిల్ ఎంత మెత్తన అంటే నమిలేకొద్దీ అరిగిపోతుంది. చల్లటి నీళ్ళు తాగినా పళ్ళు జివ్వుమంటాయి.

అమెలోజెనిన్ జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంది. దాని పేరు అమెల్‌ఎక్స్. మగవాళ్ళకు ఎక్స్ ఒక్కటే కాబట్టి అది చెడితే ఎనామిల్ అంతా చెడుతుంది. ఆడవాళ్ళకు రెండు ఎక్స్‌లు, ఒక్కో కణంలో ఒకటే చురుగ్గా ఉంటుంది. దాంతో ఒకే పంటి మీద బాగున్న పట్టీ, పాడైన పట్టీ నిలువు చారలుగా పక్కపక్కనే వస్తాయి. ఏ ల్యాబ్ రిపోర్టూ లేకుండా, ఎక్స్ క్రోమోజోమ్ ఎలా పనిచేస్తుందో నోట్లోనే కనిపించడం మామూలు సంగతి కాదు. తండ్రికి ఈ లోపం ఉంటే కూతుళ్ళందరికీ వెళ్తుంది, కొడుకులకు వెళ్ళదు.

మరి ఇది ఎంతమందికి ఉంటుంది? ఉత్తర స్వీడన్‌లో 700 మందిలో ఒకరికి, అమెరికాలో 14,000 మందిలో ఒకరికి ఉన్నట్టు లెక్కలున్నాయి. అంటే "మా వంశంలోనే అంత" అనేవాళ్ళలో చాలామందికి ఉన్నది ఇది కాదు. ఒకే ఇంట్లో ఉన్నవాళ్ళు ఒకే తిండి తింటారు, ఒకే రకంగా తోముతారు, తల్లి నోట్లోని బ్యాక్టీరియానే బిడ్డకూ చేరుతుంది. పుచ్చులో జన్యువుల వాటా అసలు లేదని కాదు, ఉంది. కానీ రాత్రి పాల సీసా నోట్లో పెట్టుకుని నిద్రపోయే పిల్లాడి పళ్ళు పుచ్చితే తాతగారిని తప్పుపట్టడం న్యాయం కాదు.

మన దగ్గర ఇంకో చిక్కుంది, ఫ్లోరోసిస్. 1937లోనే అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలో నెల్లూరు ప్రాంతం నుంచి దీని గురించి రాశారు. నల్గొండ సంగతి అందరికీ తెలిసిందే. ఎనామిల్ తయారయ్యే వయసులో నీళ్ళతో ఫ్లోరైడ్ ఎక్కువగా లోపలికి పోతే, ప్రోటీన్లు తొలగే పనే కుంటుపడుతుంది. పళ్ళ మీద సుద్ద రంగు పట్టీలు, గోధుమ మచ్చలు వస్తాయి. జన్యు లోపం, ఇది చూడ్డానికి దగ్గరగా ఉంటాయి. తేడా తెలియాలంటే చుట్టూ చూడాలి. అదే నీళ్ళు తాగే పక్కింటి పిల్లలకూ ఉంటే ఫ్లోరైడ్‌ను అనుమానించాలి. పాలపళ్ళ నుంచీ ఉండి, ఇంట్లో ఇంకెవరికైనా ఉంటే జన్యువులను అనుమానించాలి. కొన్ని రకాలు తల్లి, తండ్రి ఇద్దరి నుంచీ చెడ్డ ప్రతి వస్తేనే బయటపడతాయి, అందుకే మేనరికం చేసుకున్న ఇళ్ళలో వాటి అవకాశం పెరుగుతుంది. అలాంటి వాటిలో ఫ్యామ్20ఏ జన్యువుది ముఖ్యం. ఎనామిల్ దాదాపు ఉండదు, చిగుళ్ళు ఉబ్బుతాయి, కిడ్నీల్లో కాల్షియం పేరుకుంటుంది. ఆ పిల్లలకు పళ్ళకు క్యాపులు వేస్తే సరిపోదు, కిడ్నీ స్కాన్ కూడా చేయించాలి.

కాస్త పక్కదారి. మన 4వ క్రోమోజోమ్ మీద ఎనామ్ జన్యువుకు దగ్గర్లోనే పాలలోని కేసిన్ అనే ప్రోటీన్ల జన్యువులున్నాయి. కజుహికో కవసాకి, కెనెత్ వైస్ 2003లో చూపించినదాని ప్రకారం ఇవన్నీ ఒకే పాత జన్యువు ప్రతులు పెరిగి పుట్టిన కుటుంబం. అటు పళ్ళు పోగొట్టుకున్న పక్షుల్లో ఎనామిల్ జన్యువుల శిథిలాలు ఇప్పటికీ డీఎన్ఏలో పడి ఉన్నాయి.

ఎనామిల్‌లో మిగిలే ఆ ఒక శాతం ప్రోటీన్ కూడా వృథా కాదు. వై క్రోమోజోమ్ మీద అమెల్‌వై అనే ఇంకో ప్రతి ఉంది. రెండు ప్రోటీన్లలో కొద్దిగా తేడా ఉంటుంది, కాబట్టి పాత పంటిని బట్టి ఆడో మగో చెప్పొచ్చు. స్పెయిన్‌లో సెవిల్ దగ్గర వలెన్సినాలో 2008లో దాదాపు 5,000 ఏళ్ళ నాటి సమాధి దొరికింది. పక్కన ఏనుగు దంతం, ఖరీదైన వస్తువులు ఉండేసరికి ఎవరో గొప్ప యువకుడు అనుకున్నారు. ఎముకలు బాగా పాడవడంతో తేల్చడం కష్టమైంది. 2023లో ఎనామిల్ ప్రోటీన్లు పరీక్షిస్తే అమెల్‌ఎక్స్ ఒక్కటే దొరికింది, అమెల్‌వై దొరకలేదు. ఆవిడ స్త్రీ అని తేల్చారు.

పోలీసు కేసుల్లో డీఎన్ఏతో చేసే లింగ పరీక్షకూ ఈ జన్యువుల జతే ఆధారం. అయితే 2002లో హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీకి చెందిన కె. తంగరాజ్, లాల్జీ సింగ్ బృందం 270 మంది భారతీయ పురుషుల డీఎన్ఏ చూస్తే, ఐదుగురికి పరీక్ష "స్త్రీ" అని చూపించింది. వాళ్ళ వై క్రోమోజోమ్‌లో అమెల్‌వై ఉన్న ముక్క లేదు. అమెలోజెనిన్‌లో ఎక్కువ భాగం ఎక్స్ నుంచే వస్తుంది కాబట్టి అమెల్‌వై లేకపోయినా పళ్ళకు పెద్దగా తేడా రాదు, వాళ్ళకు ఆ సంగతి తెలిసే దారీ లేదు. నేరం జరిగిన చోట దొరికిన రక్తపు మరక విషయంలో మాత్రం ఆ పొరపాటు కేసునే తారుమారు చేస్తుంది. అందుకని ఈ ఒక్క పరీక్షతో ఆగకుండా, వై మీది ఎస్ఆర్‌వై లాంటి ఇతర జన్యువులను కూడా చూడాలి.