ఆఫ్ అవ్వని స్విచ్

కలరాకీ క్యాన్సర్‌కీ ఏమిటి సంబంధం అంటే ఎవరైనా నవ్వుతారు, నేనూ మొదట నవ్వాను. ఒకటి బ్యాక్టీరియా తెచ్చేది, ఇంకొకటి మన కణాలే అదుపు తప్పి పెరగడం. కానీ కణం లోపలికి వెళ్లి చూస్తే, రెండు చోట్లా చెడిపోయింది ఒకే తరహా స్విచ్ అని తెలుస్తుంది.

రాస్ అనే ప్రోటీన్‌నే తీసుకోండి. జీటీపీ అనే చిన్న అణువును పట్టుకుంటే ఆన్, దాన్ని తుంచి జీడీపీగా మార్చేస్తే ఆఫ్. పెరగమని బయటి నుంచి కబురొస్తే ఆన్ అయి, ఆ కబురు లోపలికి అందించి కాసేపటికి ఆగిపోవాలి. ఈ ప్రోటీన్‌లో 12వ స్థానంలో గ్లైసిన్ ఉంటుంది, ప్రోటీన్లను కట్టే అమైనో ఆమ్లాలన్నిటిలోకీ చిన్నది. డీఎన్ఏలో ఒక్క అక్షరం తారుమారై అక్కడ అంతకన్నా పెద్దదైన వేలిన్ వచ్చి కూర్చుందనుకోండి, జీటీపీని తుంచే పనికి అది అడ్డం పడుతుంది. ఇంకేముంది, బయట ఎవరూ పిలవకపోయినా లోపల "పెరుగు, పెరుగు" అని మోగుతూనే ఉంటుంది. 1982లో మూత్రాశయ క్యాన్సర్ కణాల్లో దొరికింది సరిగ్గా ఈ మార్పే!

కలరాలో జన్యువు మారదు. బ్యాక్టీరియా విషం పేగు కణంలోకి దూరి, జీఎస్ అనే ఇలాంటి స్విచ్‌నే ఆన్‌లో బిగించేస్తుంది. కణం లోపల కబురు మోసే సైక్లిక్ ఏఎంపీ అనే అణువు పోగుపడి, క్లోరైడ్ బయటికి పోయి, దాని వెంట సోడియం, నీళ్లూ పోతాయి, గంటల్లోనే లీటర్ల కొద్దీ.

సిగ్నల్ ఎక్కువైతే పెరుగుదల ఎక్కువవుతుందని చాలామంది చెప్పేస్తుంటారు, నాకు అస్సలు నచ్చని మాట అది. ఎఫ్‌జీఎఫ్ఆర్3 అనే రిసెప్టర్ ఉంది, అంటే బయటి కబురు అందుకునే ప్రోటీన్. పొడవాటి ఎముకలు పెరిగే చోట దాని పనే బ్రేక్ వేయడం. అది అతిగా పనిచేస్తే చేతులూ కాళ్లూ పొట్టిగా ఉండిపోతాయి, దాన్నే ఎకాండ్రోప్లేసియా అంటారు. అంటే ఆన్ అన్నది ఒకటే, దానికి ఏ కణం ఏం అర్థం చేసుకుంటుందన్నదే అసలు సంగతి.

మరి మందు వేసి ఆపేస్తే సరిపోదా? ఒక రకం రక్త క్యాన్సర్‌కు 2001లో వచ్చిన ఇమాటినిబ్ అదే చేసి చూపించింది. మెలనోమా అనే చర్మ క్యాన్సర్‌లో మాత్రం కథ అడ్డం తిరిగింది. రాస్ కబురును ముందుకు పంపే బీరాఫ్ అనే ప్రోటీన్‌లో మ్యుటేషన్ ఉన్నవాళ్లకు 2011లో దాన్ని అడ్డుకునే వెమురాఫెనిబ్ వచ్చింది, గడ్డలు తగ్గాయి కూడా, కానీ రాస్ ముందే ఆన్‌లో ఉన్న చర్మ కణాల్లో అదే మందు సిగ్నల్‌ను ఇంకా పెంచి, కొందరికి వేరే చర్మ క్యాన్సర్లు తెచ్చిపెట్టింది. అందుకే ఇప్పుడు అదే దారిలో ఒక మెట్టు కింద ఉన్న మెక్ అనే ప్రోటీన్‌నూ అడ్డుకునే ఇంకో మందు కలిపి ఇస్తున్నారు.