రోన్ నది కొండవాలు, ఒక ఎర్ర వైన్

శ్రోతలకు నమస్కారం.

వైన్ అనగానే మనలో చాలామందికి తియ్యటి ద్రాక్షరసమే మనసులో మెదులుతుంది. ఫ్రాన్స్‌లో భోజనంతో పాటు తాగే ఎర్ర వైన్‌లో తీపి దాదాపు ఉండదు. పండులోని చక్కెరను ఈస్ట్ తినేసి ఆల్కహాల్‌గా మార్చేస్తుంది. మిగిలేది కాస్త పులుపు, పండు వాసన, పచ్చి అరటికాయ కొరికినప్పుడు నాలుకకు పట్టేలాంటి వగరు. దీన్ని డ్రై వైన్ అంటారు. ఈరోజు మనం చెప్పుకోబోయే కోట్ దు రోన్ అనే ఫ్రెంచి ఎర్ర వైన్ ఈ రకమే. మరీ పలచనా కాదు, మరీ చిక్కనా కాదు.

కోట్ అంటే కొండవాలు. స్విట్జర్లాండ్ హిమానీనదంలో పుట్టిన రోన్ నది జెనీవా సరస్సు దాటి, లియాన్ దగ్గర దక్షిణానికి మళ్ళి, మధ్యధరా సముద్రం చేరుతుంది. ఫ్రాన్స్‌లోని వియెన్ పట్టణం నుంచి అవిన్యోన్ వైపు సుమారు 200 కిలోమీటర్ల మేర ఆ నదికి అటూ ఇటూ ఈ తోటలున్నాయి.

దక్షిణాన కొన్ని తోటల్లో మట్టే కనిపించదు. నది ఎప్పుడో దొర్లించుకొచ్చిన నున్నటి గుండ్రాళ్ళు నేలంతా పరుచుకుని ఉంటాయి. పగలంతా ఎండను పట్టి, రాత్రి మెల్లగా ఆ వేడిని వదులుతాయి. ఉత్తరం నుంచి లోయ వెంబడి మిస్ట్రాల్ అనే గాలి విసురుగా వీస్తుంది. అందుకే మన దగ్గరలా పందిరి వేయకుండా, తీగను పొట్టి పొదలా కత్తిరించి పెంచే పద్ధతి అక్కడ పాతది. ఆ గాలి తీగల్ని విరవగలదు, కానీ వాన వెలిశాక ఆకుల తడిని ఇట్టే ఆరబెట్టి బూజు తెగులు పట్టకుండా కాపాడేదీ అదే.

ఈ వైన్‌లో ముఖ్యంగా మూడు ద్రాక్షలు కలుస్తాయి. గ్రెనాష్ పండు రుచినీ వెచ్చదనాన్నీ ఇస్తుంది, కానీ దాని తొక్క పలచన, రంగు తక్కువ. ఆ లోటు సిరా అనే రెండో ద్రాక్ష తీరుస్తుంది. ఆలస్యంగా పండే మూర్వెడ్ర్ వగరు తెస్తుంది. సిరాలో మిరియాల వాసన వస్తుందంటే అదేదో వర్ణన అనుకునేదాన్ని. కాదు. రోటుండోన్ అనే పదార్థం మిరియంలోనూ ఉంది, సిరా తొక్కలోనూ ఉంది. అది తెలిసిన రోజు నాకు భలే సంతోషమేసింది!

నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఆ పేరు వెనుక కథ. 1737లోనే రాజాజ్ఞతో అక్కడి పీపాల మీద కోట్ దు రోన్‌కు పొడి అక్షరాలుగా సి.డి.ఆర్. అని కాల్చి ముద్ర వేశారు, నకిలీ సరుకు కలవకుండా. 1860లలో ఫిలోక్సెరా అనే పురుగు ఫ్రాన్స్‌లో మొదట బయటపడింది ఈ ప్రాంతంలోనే. వేళ్ళ రసం పీల్చేసి తోటల్ని ఎండగట్టింది. చివరికి ఆ పురుగును తట్టుకునే అమెరికా ద్రాక్ష వేరుమొక్కల మీద అంటు కట్టి నిలబెట్టుకున్నారు. 1923లో అదే లోయలోని షతోనఫ్ దు పాప్ అనే ఊరి రైతులు బారన్ ల రువా అనే న్యాయవాదితో కలిసి తమకు తామే నియమాలు పెట్టుకున్నారు: ఏ నేల, ఏ ద్రాక్ష, ఎంత దిగుబడి. ఆ దారిలోనే 1937లో కోట్ దు రోన్ పేరుకూ చట్టరక్షణ దొరికింది.

మన బనగానపల్లె మామిడికి 2017లో వచ్చిన జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపుదీ ఇదే దారి. బంగారు రంగు మామిడి ఎక్కడైనా కాయొచ్చు, ఆ పేరు మాత్రం ఆ ప్రాంతానిదే.