క్యాంపస్‌కి కంపెనీలు రావట్లేదు, మరి మనం ఎటు పోవాలి?

హోస్ట్: అందరికీ నమస్తే. పోయిన ఎపిసోడ్ తర్వాత వచ్చిన మెసేజ్‌లలో సగం ఒకటే గోల. "అన్నా, సీఎస్ఈ అయిపోయింది, ఏడాది దాటింది, కాల్స్ రావట్లేదు, పనంతా ఏఐ తినేసిందా, లేక అమెరికావాళ్ళు అవుట్‌సోర్సింగ్ ఆపేస్తున్నారా?" నాకు తెలిసింది నేను చెప్తే అది సోదే అవుతుంది కాబట్టి, ఇదే హైదరాబాద్‌లో చాలా ఏళ్ళుగా మనుషుల్ని ఇంటర్వ్యూ చేసి తీసుకుంటున్న ఒక అక్కని పట్టుకొచ్చాను. ముందు సర్వీస్ కంపెనీ, ఇప్పుడు ఒక జీసీసీ, అంటే విదేశీ కంపెనీ ఇక్కడ తెరిచిన సొంత ఆఫీసు. పేరు చెప్పట్లేదు.

అక్క: చెప్తే రేపటి నుంచి నా లింక్డిన్ తెరవలేను. ఇప్పటికే "రెఫరల్ ప్లీజ్ మేడమ్" అని రోజూ వచ్చి పడుతుంటాయి.

హోస్ట్: సూటిగా అడుగుతా అక్కా. ఉద్యోగాలు ఉన్నాయా, లేవా?

అక్క: ఉన్నాయి. నీకు లేవు. కోపం తెచ్చుకోకు, నిజం చెప్తున్నా. సాయంత్రం ఆరింటికి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ నుంచి గచ్చిబౌలి ఫ్లైఓవర్ ఎక్కి చూడు, ఉద్యోగాలు లేని ఊరిలా ఉంటుందా? నాలుగేళ్ళ అనుభవం ఉన్న పిల్ల నోటీస్ పీరియడ్‌లో ఉందంటే ఇంకో రెండు ఆఫర్లు చేతిలో పెట్టుకుని మాతో బేరం ఆడుతుంది. పోయింది ఏంటంటే, కాలేజీకి వచ్చి ఒక ఆప్టిట్యూడ్ టెస్ట్ పెట్టి, సివిల్, మెకానికల్ అని కూడా చూడకుండా మూడొందల మందిని ఒకే బస్సులో ఎక్కించుకుపోయే పద్ధతి ఒకటి ఉండేది చూడు, అది.

హోస్ట్: అది ఎప్పుడు తగ్గింది? మా సీనియర్లకి, అంటే 2021, 22 బ్యాచ్‌లకి, ఒక్కొక్కళ్ళకి రెండు మూడు ఆఫర్లు ఉండేవి.

అక్క: అదే చివరి పండగ. కోవిడ్‌లో లోకమంతా ఆన్‌లైన్ అయింది, పని కుప్పలుగా వచ్చింది, 2021–22 ఆర్థిక సంవత్సరంలో ఒక్క టీసీఎస్సే లక్ష మంది దాకా ఫ్రెషర్లని తీసుకుంది. రెండేళ్ళు తిరిగేసరికి, 2023–24లో, అదే టీసీఎస్‌లో 13,249 మంది, ఇన్ఫోసిస్‌లో 25,994 మంది, విప్రోలో 24,516 మంది తగ్గారు. ఇవి వాళ్ళు బయటపెట్టిన లెక్కలే. అంతమందిని తీసేశారని కాదు, వెళ్ళిపోయినవాళ్ళ స్థానంలో కొత్తవాళ్ళని తీసుకోలేదు. ఆ కొత్తవాళ్ళు ఎవరు? మీరే.

హోస్ట్: ఎందుకు తీసుకోలేదు? మేమేమన్నా లక్షలు అడిగామా? ఏడాదికి మూడున్నర లక్షలే కదా.

అక్క: అక్కడే ఉంది కథంతా. సర్వీస్ కంపెనీ సాఫ్ట్‌వేర్ అమ్మదు, గంటలు అమ్ముతుంది. క్లయింట్‌కి ఇరవై మంది టీమ్ అని చెప్తుంది, అందులో నలుగురు పని తెలిసినవాళ్ళు, మిగతావాళ్ళు నీలాంటివాళ్ళు. నీకిచ్చేది తక్కువ, నీ పేరు మీద బిల్ చేసేది ఎక్కువ, ఆ తేడానే లాభం. అందుకే ఫ్రెషర్లని ప్రాజెక్ట్ లేకపోయినా బెంచ్ మీద కూర్చోబెట్టి, ట్రైనింగ్ ఇచ్చి, ఆరు నెలలు జీతం ఇచ్చినా గిట్టుబాటు అయ్యేది. ఇప్పుడు క్లయింట్ ఏమంటున్నాడు? "టెస్ట్ కేసులు ఏఐ రాస్తుంది, డాక్యుమెంటేషన్ ఏఐ చేస్తుంది, మరి నేను ఇరవై మందికి ఎందుకు కట్టాలి, పన్నెండు మందితో చేయండి, రేటు కూడా తగ్గించండి" అంటున్నాడు. ఆ పోయిన ఎనిమిది మంది చేసేది ఏంటి? మాన్యువల్ టెస్టింగ్, ఎల్1 సపోర్ట్ అంటే మొదట వచ్చే ఫిర్యాదులు చూడటం, చిన్న చిన్న బగ్ ఫిక్స్‌లు. సరిగ్గా ఫ్రెషర్ నేర్చుకునే పని.

హోస్ట్: అంటే పైవాళ్ళు సేఫ్ అన్నమాట.

అక్క: ఎక్కడ సేఫ్? 2025 జులైలో టీసీఎస్ 2 శాతం మందిని, అంటే దగ్గర దగ్గర 12 వేల మందిని తీసేస్తున్నామని ప్రకటించినప్పుడు వేటు ఎక్కువగా పడింది మధ్య, పై స్థాయిలోవాళ్ళ మీదే. ఇంటి ఈఎంఐ, పిల్లల ఫీజులు ఉన్నవాళ్ళ మీద. ఇక ఆ మూడున్నర లక్షల సంగతి అన్నావు కదా, నేను చేరినప్పుడు కూడా ఇంచుమించు అంతే. అప్పుడు ఆ డబ్బుతో మాదాపూర్‌లో ముగ్గురం ఫ్లాట్ తీసుకుని ఇంటికి కూడా పంపేవాళ్ళం, ఇప్పుడు చేతికొచ్చే ఇరవై వేల చిల్లరలో హాస్టల్, తిండి, బస్సు పోగా ఏం మిగులుతుందో నువ్వే చెప్పాలి.

హోస్ట్: నా నోటితో ఎందుకులే అక్కా. సరే, అమెరికా సంగతి. అక్కడ అవుట్‌సోర్సింగ్ మీద పన్ను వేస్తారంట, వీసాకి లక్ష డాలర్లంట, వాట్సాప్‌లో మా మామయ్య రోజూ పంపిస్తున్నాడు.

అక్క: మీ మామయ్య పంపినవాటిలో సగం నిజమే ఉంటుంది. 2025 సెప్టెంబర్‌లో ట్రంప్ కొత్త హెచ్-1బీ పని వీసా పిటిషన్లకి లక్ష డాలర్లు కట్టాలని ప్రకటన ఇచ్చాడు, అది నిజం. అదే నెలలో బెర్నీ మొరేనో అనే సెనేటర్, బయటి దేశాలకి పని ఇచ్చి కట్టే డబ్బు మీద 25 శాతం పన్ను వేయాలని బిల్లు పెట్టాడు. బిల్లు పెట్టడం వేరు, చట్టం అవడం వేరు, ఆ తేడా వాట్సాప్‌లో ఉండదు. వీటికన్నా ముందే ఇంకోటి జరిగింది, మనవాళ్ళు ఎవరూ దాని గురించి మాట్లాడరు. 2022 నుంచి అక్కడి కంపెనీలు సాఫ్ట్‌వేర్ డెవలప్‌మెంట్‌కి పెట్టిన ఖర్చుని అదే ఏడాది పన్ను లెక్కల్లో పూర్తిగా చూపించుకునే వీలు పోయింది. అమెరికాలో చేయించిన పనికి 5 ఏళ్ళకి, బయట చేయించిన పనికి 15 ఏళ్ళకి పంచి చూపించాలి. 2025లో చట్టం మార్చి అక్కడ చేసిన పనికి మళ్ళీ పాత పద్ధతి ఇచ్చారు. మనకి మాత్రం 15 ఏళ్ళే ఉంచారు.

హోస్ట్: అంటే ఇక్కడ చేయిస్తే పన్ను దగ్గర నష్టం. అయినా ఇక్కడికి వస్తూనే ఉన్నారు కదా?

అక్క: వస్తున్నారు, ఎందుకంటే జీతాల తేడా ఆ నష్టం కన్నా పెద్దది. కాకపోతే వచ్చే దారి మారింది. ఇదివరకు పని ఒక సర్వీస్ కంపెనీకి ఇచ్చేవాళ్ళు. ఇప్పుడు వాళ్ళే సొంత ఆఫీసు తెరుస్తున్నారు, అదే జీసీసీ. ఐటీ కంపెనీల సంఘం నాస్కామ్, కన్సల్టింగ్ కంపెనీ జిన్నోవ్ కలిసి వేసిన 2024 రిపోర్ట్ ప్రకారం దేశంలో ఇలాంటివి 1,700 పైనే, 19 లక్షల మంది పని చేస్తున్నారు. హైదరాబాద్‌లో జేపీ మోర్గాన్, వెల్స్ ఫార్గో ఎప్పటి నుంచో ఉన్నాయి, 2025 ఫిబ్రవరిలో మందుల కంపెనీ ఆమ్జెన్ వచ్చింది, అక్టోబర్‌లో మెక్‌డొనాల్డ్స్ వచ్చింది.

హోస్ట్: మెక్‌డొనాల్డ్స్‌కి ఇక్కడ ఏం పని, బర్గర్లు కాకుండా?

అక్క: టెక్నాలజీ, డేటా, ఫైనాన్స్, వాళ్ళ దేశదేశాల షాపుల వెనక నడిచేదంతా. మీరు ఆశపడేది ఇక్కడే, చిక్కు కూడా ఇక్కడే. జీసీసీ నీకు ఆరు నెలలు ట్రైనింగ్ ఇచ్చి బెంచ్ మీద కూర్చోబెట్టదు. ట్రిపుల్ ఐటీ, ఎన్ఐటీ, సిటీలో పేరున్న నాలుగైదు కాలేజీలకి వెళ్ళి కొంతమందిని తీసుకుంటుంది, మిగతాదంతా అనుభవం ఉన్నవాళ్ళే. మరి ఆ అనుభవం ఎక్కడ వస్తుంది? ఇదివరకు సర్వీస్ కంపెనీల్లో వచ్చేది. వాళ్ళు ఫ్రెషర్లని తీసుకోవడం తగ్గిస్తే ఇంకో ఐదేళ్ళకి మాకు కూడా మనుషులు దొరకరు. మా మీటింగ్‌లలో ఈ మాట అంటే అందరూ తల ఊపుతారు, తర్వాత స్లైడ్‌కి వెళ్తారు.

హోస్ట్: అక్కడ అమెరికాలో కూడా సీఎస్ పిల్లలకి ఉద్యోగాలు లేవంటున్నారు.

అక్క: న్యూయార్క్ ఫెడ్, అంటే అక్కడి సెంట్రల్ బ్యాంక్ శాఖ, 2025లో పెట్టిన లెక్కల్లో, కొత్తగా డిగ్రీ తీసుకున్న కంప్యూటర్ సైన్స్ వాళ్ళలో నిరుద్యోగం 6.1 శాతం. ఆర్ట్స్ చదివిన కొన్ని గ్రూపుల కన్నా ఎక్కువ. ఆ పిల్లలు మనల్ని తిడుతున్నారు, వాళ్ళ బాధ వాళ్ళది. తమాషా ఏంటంటే, అక్కడ డాలస్‌లో ఎంఎస్ చేసి ఓపీటీ మీద, అంటే చదువయ్యాక కొంతకాలం పని చేసుకోనిచ్చే అనుమతి మీద, ఉద్యోగం వెతుక్కుంటున్న మన పిల్లాడు కూడా "ఈ పనంతా ఇండియాకి పంపేస్తున్నారు" అని తిడుతున్నాడు. వాడి తమ్ముడు ఇక్కడ కూకట్‌పల్లి హాస్టల్‌లో కూర్చుని ఆ పని కోసమే ఎదురు చూస్తున్నాడు.

హోస్ట్: (నవ్వు) మా పక్కింట్లో అచ్చంగా ఇదే కేసు. సరే, అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల దగ్గరికి వద్దాం. మా బాబాయ్ 1999లో వైటూకే టైమ్‌లో, అంటే 2000 రాగానే కంప్యూటర్లలో తేదీలు తప్పుతాయని పాత కోడ్ సరిచేయిస్తున్నప్పుడు, వచ్చి అక్కడ కోబాల్ అనే పాత ప్రోగ్రామింగ్ భాష నేర్చుకున్నాడు. అప్పటికి సైబర్ టవర్స్ తెరిచి ఏడాది. కోర్సు అయ్యేలోపే ఉద్యోగం అంట. ఇప్పుడు మైత్రీవనం దగ్గర మెట్లెక్కితే కోర్సుతో పాటు "ఎక్స్‌పీరియన్స్" కూడా ఇస్తాం అంటున్నారు.

అక్క: ఇది కాస్త గట్టిగా చెప్తా. కొనొద్దు. మీ నాన్న అప్పు చేసి ఇచ్చిన డబ్బుతో మూడేళ్ళ ఫేక్ ఎక్స్‌పీరియన్స్ లెటర్, పేస్లిప్‌లు కొని వస్తున్నారు. ఇంటర్వ్యూలో ఎవడో పక్కనుంచి చెప్తుంటే పెదవులు ఆడిస్తున్నారు, మాకు కనిపిస్తుంది, కళ్ళు కెమెరా మీద ఉండవు. అది దాటినా బీజీవీలో, అంటే పాత వివరాలు సరిచూసే దగ్గర పోతారు. నీ పీఎఫ్ ఖాతా నంబర్, అదే యూఏఎన్, మీద సర్వీస్ హిస్టరీ తీస్తే ఎక్కడ చేరావు, ఎప్పుడు మానేశావు అన్నీ వస్తాయి, డబ్బే పడలేదంటే ఉద్యోగమే లేదని అర్థం. చేరిన నాలుగో నెలలో దొరికి, మధ్యాహ్నం లాప్‌టాప్ ఇచ్చేసి వెళ్ళిపోయిన అబ్బాయిని చూశాను. ఇక బ్యాక్‌డోర్ ఉద్యోగం అని రెండు మూడు లక్షలు కట్టించుకుని, మాదాపూర్‌లో అద్దెకి ఆఫీసు చూపించి బోర్డు తిప్పేసేవాళ్ళ మీద సైబరాబాద్ పోలీసులు ఎన్ని కేసులు పెట్టినా కొత్తవాళ్ళు వస్తూనే ఉన్నారు.

హోస్ట్: మరి నిజాయితీగా ఉన్నవాడు ఏం చూపించాలి? రెజ్యూమెలో ఏముంటే మీరు ఆగి చూస్తారు?

అక్క: ముందు ఏముంటే ఆగనో చెప్తా. ఈ-కామర్స్ వెబ్‌సైట్, ఫుడ్ డెలివరీ యాప్, హౌస్ ప్రైస్ ప్రెడిక్షన్. ఒకే ఇన్‌స్టిట్యూట్ నుంచి వచ్చిన కట్టలో స్పెల్లింగ్ తప్పుతో సహా అదే ప్రాజెక్ట్. "ఇందులో నువ్వు రాసింది ఏంటమ్మా" అంటే "టీమ్ ప్రాజెక్ట్ మేడమ్" అంటారు. ఈ మధ్య ఒక అబ్బాయి వచ్చాడు, పెద్ద కాలేజీ కాదు, ఊరి పేరు కూడా నేను వినలేదు. ఒక లాగ్, అంటే సిస్టమ్ రాసుకున్న రికార్డు, కొంచెం కోడ్ ఇచ్చి సమస్య చెప్పాను. రాత్రి వేసిన ఆర్డర్లు కొన్ని ముందు రోజు తేదీతో పడుతున్నాయి. అంతకు ముందు వచ్చినవాళ్ళు కోడ్ మొత్తం తిరగరాస్తామన్నారు, ఒకడైతే చాట్‌జీపీటీ వాడొచ్చా అని అడిగాడు, వాడుకో అన్నాను, వాడాడు, అది కూడా ఏదో పొడుగ్గా చెప్పింది, ఎందుకంటే వీడు దానికి లాగ్ సరిగ్గా చూపించలేదు. ఈ అబ్బాయి ఐదు నిమిషాలు మాట్లాడలేదు. తర్వాత "మేడమ్, తప్పు పడినవన్నీ రాత్రి 12 నుంచి తెల్లవారి 5:30 లోపువే, సర్వర్ యూటీసీలో ఉందా?" అన్నాడు. అంతే. యూటీసీ అంటే ప్రపంచమంతా లెక్కకి వాడే టైమ్, మన టైమ్ దాని కన్నా ఐదున్నర గంటలు ముందు కదా, అందుకే సర్వర్‌లో ఇంకా ముందు రోజే ఉంటుంది. కోడ్ ఒక్క లైను కూడా రాయలేదు, తీసుకున్నాను.

హోస్ట్: కాలేజీలో ఇది ఎవరూ చెప్పరు అక్కా.

అక్క: ఎలా చెప్తారు? సీట్ల మీద పరిమితి, ఇంజినీరింగ్ కాలేజీలకి అనుమతులిచ్చే ఏఐసీటీఈ 2024–25 నుంచి ఎత్తేసింది, కాలేజీలు మెకానికల్, సివిల్ మూసేసి సీఎస్ఈ, ఏఐఎంఎల్, డేటా సైన్స్ అని బోర్డులు పెట్టాయి. నిన్నటిదాకా థర్మోడైనమిక్స్ చెప్పిన సారు ఈరోజు పైథాన్ చెప్తున్నాడు, ఆయన తప్పేం ఉంది, ఆయనకీ ఉద్యోగం కావాలి. ఎంసెట్ కౌన్సెలింగ్‌లో, ఇప్పుడు ఎప్‌సెట్ అనాలిలే, ర్యాంకు ఎంత వచ్చినా తల్లిదండ్రులు సీఎస్ఈ అనే పెట్టిస్తున్నారు. నా మటుకు నేను మా అక్క కూతురికి ఈసీఈ తీసుకోమన్నాను, ఇంట్లో పెద్ద గొడవైంది.

హోస్ట్: చివరిగా ఒక మెసేజ్ చదువుతాను. నల్గొండ నుంచి ఒక చెల్లి, 2023 పాసవుట్. "గచ్చిబౌలిలో చిన్న కంపెనీ, అప్లికేషన్ సపోర్ట్, నైట్ షిఫ్ట్, నెలకి 15 వేలు, రెండేళ్ళ బాండ్. ఇంట్లో వద్దంటున్నారు, డెవలపర్ ఉద్యోగం కోసం ఆగమంటున్నారు. చేరాలా?"

అక్క: చేరు. ఆగితే గ్యాప్ పెరుగుతుంది తప్ప ఇంకేం రాదు. సపోర్ట్‌లో రోజూ నిజమైన లాగ్‌లు, నిజమైన డేటాబేస్ చూస్తావు, డేటాబేస్‌ని ప్రశ్నలు అడిగే భాష ఎస్‌క్యూఎల్ అక్కడే వస్తుంది, ఏడాదిన్నరకి డెవలప్‌మెంట్‌కి మారినవాళ్ళు మా టీమ్‌లోనే ఉన్నారు. చేరే ముందు మాత్రం చూసుకో. జీతంలో పీఎఫ్ కట్ అవుతుందా, ఆఫర్ లెటర్‌లో రాసి ఉండాలి, నీ అనుభవానికి రేపు అదే సాక్ష్యం. రాత్రి క్యాబ్ ఇంటి గుమ్మం దాకా ఇస్తారా, అందులో సెక్యూరిటీ ఉంటారా. బాండ్ మధ్యలో మానేస్తే ఎంత కట్టాలో అంకెల్లో రాసివ్వమను. ట్రైనింగ్ ఫీజు, డిపాజిట్ అని వాళ్ళే నిన్ను డబ్బు అడిగితే అక్కడి నుంచి లేచి వచ్చెయ్. ఒరిజినల్ సర్టిఫికెట్లు అడుగుతారు, చూపించు, చేతికి ఇవ్వొద్దు, జిరాక్స్‌లే ఇవ్వు.

హోస్ట్: చెల్లీ, విన్నావుగా, చేరితే మెసేజ్ పెట్టు. అక్కా, థాంక్స్. వచ్చే వారం మెడికల్ కోడింగ్ మీద మాట్లాడదాం, దాని మీద కూడా బోలెడు ప్రశ్నలు వచ్చి ఉన్నాయి.